చేపు నుంచి చేప దాకా

2009 మార్చిలో మా అమ్మాయి కాన్పుకి ఆసుపత్రిలో చేరింది. నొప్పులు మొదలయ్యాయి, రాత్రంతా వచ్చాయి, తెల్లారేసరికి వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. నర్సు వచ్చి సెలైన్ పక్కన ఇంకో చిన్న సంచీ తగిలించి, పంపు బిగించి, చుక్కల లెక్క చూసుకుని వెళ్ళింది. మా అమ్మ మూలన కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చుని ఇదంతా చూస్తోంది. మునిమనవణ్ణి ఎత్తుకోవాలని 78 ఏళ్ళ వయసులో దివిసీమ నుంచి ఈ మిషిగన్ చలిలోకి వచ్చింది పాపం.

“ఏమే, ఆ సంచీలో ఏం కలిపింది ఆ పిల్ల?” అంది.

“పిటోసిన్ అమ్మా. నొప్పులు రావడానికి. అసలు పేరు ఆక్సిటోసిన్.”

అమ్మ లేచి నిలబడింది. “ఆక్సిటోసినా! మన ఎదురింటివాళ్ళు గేదెలకి పొడిచేది అదేగా? చేపు రావడం లేదని రెండు పూటలా పొడిచి పొడిచి ఆ గొడ్లని పాడుచేశారు. నా మనవరాలేమన్నా పాడిగేదెటే?”

మంచం మీద ఉన్న మా అమ్మాయి అంత నీరసంలోనూ పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే అమ్మ అన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. గేదెకి పొడిచేదీ, మా పిల్లకి ఎక్కిస్తున్నదీ ఒకటే పదార్థం. ఒకలాంటిది కాదు, అక్షరాలా ఒకటే. నేను ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో ఇరవై రెండేళ్ళు శరీరధర్మశాస్త్రం పాఠాలు చెప్పాను. అయినా ఆ గదిలో అమ్మకి సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను. అందులో నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉంది, అది చివర్లో వస్తుంది.

ముందు చేపు సంగతి. ఈ దేశంలో పుట్టిన మన పిల్లలకి పాలంటే ప్లాస్టిక్ గాలన్ డబ్బా. చేపు అన్న మాటకి ఇంగ్లీషులో రెండు మూడు మాటలు కలిపి చెప్పుకోవాలి. పొదుగు నిండా పాలున్నా గేదె వాటిని చన్నుల్లోకి దింపితేనే మనకి దొరుకుతాయి. ఆ దింపడమే చేపడం. దూడ నాలుగు గుక్కలు కుడిస్తే చేపుతుంది. తవుడు కలిపిన కుండ చప్పుడు విన్నా చేపుతుంది. రోజూ పితికే మనిషి కాకుండా కొత్తవాళ్ళు కూర్చుంటే బిగబట్టుకుంటుంది. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి ముందర నిలబెట్టేవారు. గేదె ఆ తోలుని నాకుతూ చేపేది. చిన్నప్పుడు మా దొడ్లో ఆ గడ్డిదూడని చూసి నేను ఏడ్చేదాన్నట.

పొదుగులో పాలు రెండు చోట్ల ఉంటాయి. కొంత భాగం చన్నుల పైన ఉండే తొట్టిలాంటి ఖాళీలో, మిగతాది పాలు తయారయ్యే సన్నని బుడగల్లో. ఆవుకి సుమారు ఐదోవంతు తొట్టిలో ఉంటే, గేదెకి ఇరవయ్యోవంతు కూడా ఉండటం కష్టం. అంటే చేపకపోతే గేదె దగ్గర పాలు దాదాపు సున్నా. ఆ బుడగల చుట్టూ సాలెగూడులా అల్లుకున్న కండర కణాలు ఉంటాయి. అవి బిగుసుకుంటే బుడగలు నలిగి పాలు కిందికి దిగుతాయి. బిగుసుకోమని చెప్పేది ఆక్సిటోసిన్. అది తయారయ్యేది పొదుగులో కాదు, తలకాయలో. మెదడు అడుగున హైపోథలామస్ అనే చోట కొన్ని నాడీకణాలు దాన్ని తయారుచేసి, తమ పొడుగాటి తోకల వెంట కిందనున్న పీయూష గ్రంథి వెనక భాగానికి పంపి, అక్కడ నిలవ ఉంచుతాయి. దూడ కుడిచిన సంగతి నరాల వెంట మెదడుకి చేరగానే ఆ నిలవ రక్తంలోకి వదులుతాయి. గడ్డి కూరిన తోలుని చూసి గేదె చేపిందంటే, కంటికీ ముక్కుకీ తెలిసిన సంగతి హైపోథలామస్ దాకా వెళ్ళి, అక్కడ మందుగా మారి, పొదుగుకి దిగిందన్నమాట. ఎదురింటివాళ్ళు సూదితో చేసిందల్లా మెదడుని పక్కకి తప్పించడం.

కాన్పులోనూ ఇదే వ్యవహారం. బిడ్డ తల కిందికి ఒత్తితే ఆ కబురు తల్లి మెదడుకి వెళుతుంది. ఆక్సిటోసిన్ విడుదలై గర్భసంచి బిగుస్తుంది, బిడ్డ ఇంకా కిందికి ఒత్తుతుంది, ఇంకా ఆక్సిటోసిన్ వస్తుంది. బిడ్డ బయటపడితేగాని ఈ చక్రం ఆగదు. మా అమ్మాయి విషయంలో ఆ చక్రం మధ్యలో ఆగిపోయింది, పంపుతో మళ్ళీ తిప్పారు. మధ్యాహ్నం రెండింటికి మనవడు పుట్టాడు. అమ్మ ఆక్సిటోసిన్‌ని క్షమించింది.

దీని చరిత్ర కూడా పిల్లి, మేక, ఎద్దు అంటూ పశువుల కొట్టంలోనే మొదలయింది. 1906లో ఇంగ్లండులో హెన్రీ డేల్ ఎద్దు పీయూష గ్రంథి రసాన్ని చూడి పిల్లికి ఇచ్చి చూస్తే దాని గర్భసంచి బిగుసుకుంది. 1910లో ఆట్, స్కాట్ అనే ఇద్దరు అదే రసం మేకకి ఇస్తే పాలు ధారకట్టాయి. అంతకు ముందే, 1895లో, ఆలివర్, షేఫర్ అనేవాళ్ళు పీయూష గ్రంథి రసం రక్తపోటు పెంచుతుందని చూపించి ఉన్నారు. ఒకే గ్రంథి రసం ఇన్ని పనులు ఎలా చేస్తోంది? 1928లో ఇక్కడ డెట్రాయిట్‌లోని పార్క్ డేవిస్ కంపెనీలో ఆలివర్ కామ్ బృందం ఆ రసాన్ని రెండుగా విడగొట్టింది. గర్భసంచిని బిగించే దానికి పిటోసిన్ అనీ, రక్తపోటు పెంచే దానికి పిట్రెసిన్ అనీ పేర్లు పెట్టారు. మా అమ్మాయి సంచీ మీద ఉన్న పేరు ఆనాటిదే. రెండోదాన్ని ఇప్పుడు వాసోప్రెసిన్ అంటాం. ఒంట్లో నీరు వృథాగా పోకుండా మూత్రపిండాలకి ఆజ్ఞ ఇచ్చేది ఇదే. మద్యం ఈ వాసోప్రెసిన్ విడుదలకి అడ్డు తగులుతుంది. మన శనివారం పార్టీల్లో బీరు తాగిన బాబాయిలు బాత్‌రూమ్ ముందు వరస కట్టడానికి కారణం తాగిన నీరు ఒక్కటే కాదు.

సరిగ్గా ఆ 1928లోనే జర్మనీలో ఎర్నెస్ట్ షారర్ అనే కుర్రవాడు ఓ చిన్న ఏటి చేప మెదడుని ముక్కలు కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి, హైపోథలామస్‌లోని నాడీకణాల నిండా బొట్లు బొట్లుగా ఏదో పదార్థం ఉండటం చూశాడు. ఇవి నాడీకణాలే అయినా గ్రంథుల్లా హార్మోన్లు తయారుచేస్తున్నాయని అన్నాడు. ఎవరూ నమ్మలేదు. నరాలు కబుర్లు మోస్తాయి, గ్రంథులు రసాలు ఊరిస్తాయి, ఈ రెండు కులాలూ కలవవని ఆనాటి పెద్దల సిద్ధాంతం. ఆయన భార్య బెర్తా షారర్ కూడా శాస్త్రజ్ఞురాలే. వెన్నెముక ఉన్న జంతువులు నువ్వు చూసుకో, లేనివి నేను చూస్తానని పని పంచుకున్నారు. హిట్లర్ పాలన భరించలేక 1937లో ఇద్దరూ అమెరికా వచ్చారు. భార్యాభర్తలకి ఒకే చోట ఉద్యోగం ఇవ్వకూడదన్న నియమం వల్ల ఆవిడ ఏళ్ళ తరబడి జీతం లేకుండా, బొద్దింకల మెదళ్ళ మీద పనిచేసింది. అవి మాత్రం ఎక్కడైనా దొరుకుతాయి కదా! వీసా కారణంగా చదువంతా వంటింట్లో పెట్టుకుని కూర్చున్న మన ఆడపిల్లలు ఈవిడ కథ వినాలి. 1955లో న్యూయార్కులోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాలలో ఆవిడ ప్రొఫెసర్ అయింది. అప్పటికి షారర్ దంపతుల మాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

అదే ఊళ్ళో, కార్నెల్ వైద్య కళాశాలలో, విన్సెంట్ డు వీన్యో ఆక్సిటోసిన్ అసలు రూపం పట్టుకున్నాడు. చాలా చిన్న అణువు. తొమ్మిది పూసల గొలుసు అనుకోండి, ఒక్కో పూసా ఒక్కో అమినో ఆమ్లం. ఒకటో పూసకీ ఆరో పూసకీ మధ్య గంధకపు ముడి పడి ఉంగరం అవుతుంది, మిగతా మూడు పూసలూ తోకలా వేలాడతాయి. 1953లో ఈ క్రమం తేల్చి, ఆ వెంటనే అదే గొలుసుని ప్రయోగశాలలో గుచ్చి చూపించాడు. అలాంటి హార్మోనుని మనిషి తయారుచేయడం అదే మొదటిసారి. 1955లో నోబెల్ బహుమతి వచ్చింది. వాసోప్రెసిన్ క్రమం కూడా తేలాక చూస్తే, అదీ తొమ్మిది పూసలే, అదే ఉంగరం, అదే తోక. తేడా రెండు చోట్ల మాత్రమే. మూడో పూస, ఎనిమిదో పూస. అంతే! ఒకటి బిడ్డని బయటికి పంపుతుంది, ఒకటి నీళ్ళని లోపల ఆపుతుంది.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఒకటుంది. డు వీన్యో దగ్గర పనిచేసేవాళ్ళకి ఓ కొంటె ఆలోచన వచ్చింది. ఆక్సిటోసిన్ ఉంగరానికి వాసోప్రెసిన్ తోక తగిలిస్తే ఏమవుతుంది? తగిలించి, 1958లో అచ్చువేశారు. రెండు పేర్లూ కలిపి వాసోటోసిన్ అన్నారు. అది వాళ్ళు ఊహించి అల్లిన సంకరం. తీరా చూస్తే, ఏడాది రెండేళ్ళలో ఇతర శాస్త్రజ్ఞులు కోళ్ళలో, కప్పల్లో, చేపల్లో వెదుకుతుంటే అచ్చంగా అదే అణువు దొరికింది. న్యూయార్కులో కొత్తగా కనిపెట్టామనుకున్నది కోట్ల సంవత్సరాలుగా కోడి పుర్రెలో ఉంది. సంకరం కాదు సరికదా, అదే పాతది. ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్ దాని తరవాత వచ్చినవి.

ఆ తరవాత ఏ జంతువు మెదడులో ఏ పూసలున్నాయో పట్టిక వేస్తూ పోతే వంశవృక్షం దానంతటదే కనిపించింది. దవడలు లేని లాంప్రే అనే జలగనోటి చేపకి ఒక్క వాసోటోసినే ఉంది. దవడలున్న చేపలన్నిటికీ రెండేసి ఉన్నాయి, వాసోటోసిన్ ఒకటి, ఆక్సిటోసిన్ వరసది ఒకటి. మామూలు చేపల్లో ఆ రెండోదాన్ని ఐసోటోసిన్ అంటారు. కప్పలు, బల్లులు, పక్షుల్లో అది మెసోటోసిన్. పాలిచ్చే జంతువుల్లో అధిక భాగానికి ఆక్సిటోసిన్. అటు వాసోటోసిన్ ఒక్క పూస మారి మనలో వాసోప్రెసిన్ అయింది. ఊపిరితిత్తులున్న చేప ఒకటుంది, ఎండాకాలం బురదలో ముడుచుకుని బతుకుతుంది. దాని దగ్గర ఉన్నది ఇతర చేపల ఐసోటోసిన్ కాదు, కప్పల మెసోటోసిన్. నేల మీదికి ఎక్కిన వంశానికి అది దగ్గర బంధువని ఎముకలు చెప్పిన మాటనే ఈ తొమ్మిది పూసలూ చెప్పాయి.

ఒకటి రెండు ఎలా అయింది? జన్యువులని నకలు తీసేటప్పుడు ఒక్కోసారి ఒకే కాగితం రెండుసార్లు పడుతుంది. దవడలున్న చేపల పూర్వీకుల్లో, 45 కోట్ల సంవత్సరాలకి పైబడి, వాసోటోసిన్ జన్యువుకి అలా పక్కనే రెండో ప్రతి పడింది. ఒక ప్రతి పాత పని చేస్తుంటే రెండోదానికి కాస్త స్వేచ్ఛ దొరికింది, మెల్లిగా అక్షరాలు మారాయి. దీనికి సాక్ష్యం మన ఒంట్లోనే ఉంది. మనిషి 20వ క్రోమోజోము మీద ఆక్సిటోసిన్ జన్యువు, వాసోప్రెసిన్ జన్యువు ఇప్పటికీ పక్కపక్కనే, సుమారు 12,000 అక్షరాల దూరంలో, ఒకదానికొకటి ఎదురు తిరిగి ఉన్నాయి. ఆస్తి పంచుకున్నా ఉమ్మడి గోడ కూల్చని అన్నదమ్ముల్లాగ.

వాసోటోసిన్ పాత పనులేమిటో తెలుసుకోవాలంటే మా ఊరి సముద్రం దగ్గరికి రావాలి. హంసలదీవి దగ్గర ఇసుకలో చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ వచ్చి గుంట తవ్వి గుడ్లు పెడతాయి. విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో కూడా. గుడ్లు దిగే వేళ వాటి రక్తంలో వాసోటోసిన్ పెరగడాన్ని కొలిచి చూశారు. కోడి గుడ్డు పెట్టేటప్పుడూ అంతే. ఆ గుడ్డు సంచిని బిగించే పనే మన గర్భసంచికి వచ్చింది. కప్పలో వాసోటోసిన్ చర్మంలోంచి నీరు పీల్చుకోమంటుంది, అది మన మూత్రపిండాల పనికి అమ్మమ్మ లాంటిది. కేవలం ఒంటి పనులే కాదు. అమెరికా పడమటి తీరంలో రాత్రిళ్ళు హమ్మని కూనిరాగం తీసే ఒక చేప ఉంది. ఆ రాగం మీద వాసోటోసిన్, ఐసోటోసిన్‌ల ప్రభావం ఉందనీ, మగచేపకీ ఆడచేపకీ ఆ ప్రభావం వేరువేరుగా ఉంటుందనీ 2000లో తేలింది. అంటే మెదడులో నడవడికని మార్చే పని కూడా చేపల నాటిదే. చేపుకీ చేపకీ భాషలో ఏ సంబంధమూ లేదు లెండి, సంబంధం హార్మోనుదే.

ఇంకా వెనక్కి వెళ్ళవచ్చు. వెన్నెముక లేని వానపాములో ఈ వరస హార్మోను ఉంది, దాన్ని ఎక్కిస్తే వానపాము గుడ్లు పెట్టే కదలికలు మొదలుపెడుతుంది. ఆక్టోపస్‌కి మనలాగే రెండున్నాయి, కాని అది వేరేగా తనంతట తాను రెండు చేసుకున్నది. కంటికి కనీకనపడని నులిపురుగు లాంటి జీవిలో 2012లో దొరికింది. అది లేకపోతే మగపురుగు జత కలవడంలో తడబడుతుంది. బియ్యం డబ్బాలో తిరిగే పిండిపురుగుకి ఉంది, ఈగలకీ తేనెటీగలకీ పోయింది. ఎందుకు పోగొట్టుకున్నాయో, పోగొట్టుకుని ఎలా నెట్టుకొస్తున్నాయో! లెక్క వేస్తే ఈ గొలుసు వయసు 60 కోట్ల సంవత్సరాలకి తక్కువ కాదు. అన్నేళ్ళలో మారింది కొద్ది పూసలే.

మరి పూసలు ఇంత తక్కువ మారితే జంతువులు ఇన్ని రకాలుగా ఎలా ప్రవర్తిస్తున్నాయి? జవాబు తాళంచెవిలో లేదు, తాళాల్లో ఉంది. హార్మోను రక్తంలో అందరి ఇళ్ళ ముందునుంచీ వెళుతుంది, దానికి సరిపడే గ్రాహకం ఉన్న కణమే తలుపు తీస్తుంది. దవడలున్న తొలి చేపలకి ఈ వరస గ్రాహకాలు ఆరు ఉండేవని లెక్క తేల్చారు. మనకి నాలుగు మిగిలాయి, ఒకటి ఆక్సిటోసిన్‌ది, మూడు వాసోప్రెసిన్‌వి. అన్నదమ్ముల ఇళ్ళు కదా, ఒకరి తాళంచెవి రెండోవారి తాళంలో కొంచెం తిరుగుతుంది. పిటోసిన్ మోతాదు ఎక్కువై, ఎక్కువసేపు ఎక్కిస్తే మూత్రపిండాలు దాన్ని వాసోప్రెసిన్ అనుకుని నీరు బిగబట్టేస్తాయి. రక్తంలో ఉప్పు పలచబడి ప్రమాదం ముంచుకు రావచ్చు. ఆ రోజు నర్సు గంట గంటకీ చుక్కల లెక్క ఎందుకు చూసుకుందో ఇప్పుడు అర్థమవుతుంది. 45 కోట్ల ఏళ్ళ కిందటి చుట్టరికం పురిటిగదిలో ఇప్పటికీ జాగ్రత్తపడవలసిన విషయమే.

తాళం ఎక్కడుందన్న దాని బలం చూపించినవి వోల్ అనే పొలం ఎలుకలు. ఇక్కడి గడ్డిమైదానాల్లో ఉండే వోల్ జంట కట్టి కాపురం చేస్తుంది, కొండల మీది వోల్‌కి అలాంటి పట్టింపు లేదు. రెండింటిలోనూ హార్మోన్లు అవే. 1992లో వాటి మెదళ్ళు చూస్తే ఆక్సిటోసిన్ గ్రాహకాలున్న చోట్లు వేరు. జంట కట్టే ఎలుకకి అవి మెదడులో సంతోషం పుట్టే చోట దట్టంగా ఉన్నాయి. 2004లో జంట కట్టని ఇంకో జాతి మగ వోల్ మెదడులో వాసోప్రెసిన్ గ్రాహకాన్ని ఒకచోట పెంచితే, అది కూడా ఒక ఆడదాని పక్కనే ఎక్కువసేపు కూర్చోవడం మొదలుపెట్టింది. పత్రికలకి పండగే పండగ. ఆక్సిటోసిన్‌కి ప్రేమ హార్మోను అని పేరు పెట్టేశారు. 2005లో జ్యూరిక్‌లో, ముక్కులో ఆక్సిటోసిన్ స్ప్రే కొట్టించుకున్నవాళ్ళు డబ్బు ఆటలో పరాయివాళ్ళని ఎక్కువ నమ్మారని ఒక వ్యాసం వచ్చింది. నేనూ క్లాసులో ఆ వ్యాసాన్ని ఊదరగొట్టిన బాపతే.

ఇప్పుడు పొరపాటు సంగతి. 2012లో మాకు వరసకి కూతురయ్యే అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళబ్బాయికి అప్పుడు ఆరేళ్ళు, ఆటిజం. పిలిస్తే తిరిగి చూడడు, కళ్ళలోకి చూడడు. “పిన్నీ, ఆక్సిటోసిన్ స్ప్రే వాడితే పిల్లలు దగ్గరవుతారట కదా. ఒక డాక్టరు రాసిస్తానన్నారు. ఇన్సూరెన్సు ఇవ్వదు. మీరేమంటారు?” అని అడిగింది. నేను పాఠం చెప్పినట్టే వోల్ ఎలుకల కథ చెప్పి, “నష్టమేముందమ్మా, వాడి చూడు” అన్నాను. నాకు తెలిసిన ఇంకో విషయం కూడా చెప్పి ఉండవలసింది. రక్తంలోకి వెళ్ళిన ఆక్సిటోసిన్ మెదడులోకి దాదాపుగా పోదు. రక్తానికీ మెదడుకీ మధ్య గట్టి గోడ ఉంది. మా అమ్మాయికి ఎక్కించింది గర్భసంచి మీద పనిచేసిందేగాని, దానివల్ల ఆమెకి బిడ్డ మీద ప్రేమ పుట్టలేదు. మెదడుకి కావలసింది మెదడు తన లోపలే, కావలసిన చోట, కావలసిన క్షణంలో వదులుకుంటుంది. ముక్కుదారిన ఎంత లోపలికి చేరుతుందన్నది అప్పటికే వాదనల్లో ఉంది. అదేమీ చెప్పలేదు. నా మాట మీద వాళ్ళు రెండేళ్ళు వాడారు.

మధ్యలో ఎప్పుడు అడిగినా “కొంచెం నయమే పిన్నీ” అనేది.

2021 అక్టోబరులో న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రికలో పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. 3 నుంచి 17 ఏళ్ళ లోపు ఆటిజం పిల్లలు 290 మంది. సగం మందికి ఆక్సిటోసిన్ స్ప్రే, సగం మందికి మందు లేని ఉత్తుత్తి స్ప్రే, 24 వారాలు. ఎవరికి ఏదో తల్లిదండ్రులకి తెలియదు, డాక్టర్లకీ తెలియదు. పిల్లలు మనుషులకి దూరంగా ముడుచుకుపోవడాన్ని కొలిచే మార్కు మందు వాడినవాళ్ళలో సగటున 3.7 తగ్గింది. ఉత్తుత్తి స్ప్రే వాడినవాళ్ళలో 3.5 తగ్గింది. అంటే ఇద్దరికీ కొంచెం నయమే. ఆశతో చూసే కళ్ళకి కనిపించినదీ, పిల్లలు తమంతట తాము ఎదగడమూ కలిసి ఆ కొంచెం. మందు వాటా అందులో ఏమీ లేదు. జ్యూరిక్ ఆటని కూడా 2020లో ఎక్కువమందితో మళ్ళీ ఆడించి చూస్తే మొదటి ఫలితం రాలేదు.

ఇక 2023లో వోల్ ఎలుకలే దెబ్బ కొట్టాయి. కాలిఫోర్నియాలో కొందరు జన్యువుని కత్తిరించే కొత్త పద్ధతితో, అసలు ఆక్సిటోసిన్ గ్రాహకమే లేని వోల్ ఎలుకలని పుట్టించారు. ఇవి జంట కట్టవనుకున్నారు. చక్కగా కట్టాయి. పిల్లల్ని కన్నాయి, పాలు కూడా ఇచ్చాయి, కాకపోతే పాలు చాలక బతికి బట్టకట్టిన పిల్లలు తగ్గారు. దీనికి చాలాముందే, 1996లో, ఆక్సిటోసిన్ తయారుకాని మామూలు ఎలుకలని పుట్టించి ఉన్నారు. అవి సుఖంగా కన్నాయి, పిల్లల్ని నాకి దగ్గరకి తీసుకున్నాయి, పొదుగు నిండా పాలున్నాయి, కాని ఒక్క చుక్క దిగలేదు. పిల్లలు ఆకలితో చచ్చిపోయాయి. సూదితో ఆక్సిటోసిన్ ఇస్తే బతికాయి. ప్రేమకి ఇన్ని దారులున్నాయి, ఒకటి మూసుకుపోతే ఇంకొకటి తెరుచుకుంటుంది. ఆ తల్లి ఎలుకకి చేపు ఒక్కదానికే వేరే దారి లేకపోయింది. ఇది చదివినప్పుడు అమ్మ గుర్తొచ్చింది. ఈ మందుని ఆవిడ మొదటి మాటలోనే గేదె చేపుతో కలిపింది. నేను ఇరవై రెండేళ్ళు వేరే దానితో కలిపాను.

అమ్మకి ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2018లో గేదెలకి పొడవడం ఆపాలని భారత ప్రభుత్వం ఆక్సిటోసిన్ తయారీని ప్రైవేటు కంపెనీల నుంచి తీసేసి ఒకే ఒక్క ప్రభుత్వ కంపెనీకి అప్పగించాలని చూసింది. ఫోనులో అమ్మ “మంచి పని” అంది. నాకు భయం వేసింది. కాన్పయ్యాక గర్భసంచి బిగుసుకోక రక్తం ఆగకుండా పోయి ప్రపంచంలో ఏటా వేలమంది తల్లులు చనిపోతున్నారు. దానికి మొదట వాడవలసిన మందు ఇదే, పది యూనిట్ల సూది. ఆ ఒక్క కంపెనీ అందించలేకపోతే పల్లె ఆసుపత్రుల గతేమిటి? డాక్టర్లూ, ఆరోగ్య సంఘాలూ ఇదే అడిగాయి. ఆ డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. తరవాత వ్యాజ్యం సుప్రీం కోర్టుకి వెళ్ళింది. గేదె బాధా నిజమే, తల్లి ప్రాణమూ నిజమే. తాళంచెవి ఒకటే అయినందువల్ల వచ్చిన తంటా ఇది.

2021 ఫలితం వచ్చిన వారం నేనే ఆ అమ్మాయికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. “ఆ రెండేళ్ళూ రోజూ పొద్దున్నా సాయంత్రం వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్ప్రే కొట్టేదాన్ని పిన్నీ. మొదట్లో పెనుగులాడేవాడు. తరవాత్తరవాత వాడే వచ్చి కూర్చునేవాడు” అంది. అది కూడా పరీక్షల్లో తేలవలసిన సంగతేనేమో, నాకు జవాబు తోచలేదు. ఈ వ్యాసం రాస్తున్నానని చెబితే, మా వాడి సంగతి కూడా రాయండి, పేరు మాత్రం వద్దు, ఇంకెవరైనా మిమ్మల్ని అడిగితే ఈసారి ఎలుకల కథ మొత్తం చెప్పండి అంది.